తొలి పట్టులో సౌష్ఠవం

ఒక విద్యలోకి కొత్తగా అడుగుపెట్టినవారికి ఫలితాన్ని ముందు అందించాలా, పద్ధతిని ముందు నేర్పాలా అన్నది పైకి బోధనకు సంబంధించిన చిన్న సందేహంలాగే కనిపిస్తుంది గాని, కర్మ అంటే ఏమిటి, అభ్యాసం మనిషిలో ఏమి మిగులుస్తుంది, చేసేవాడు ఎవరు అని మన దర్శనకారులు శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్నలన్నీ ఆ సందేహంలోనే ఇమిడి ఉన్నాయి. వేలితో, భుజంతో, వెన్నుతో నేర్చే విద్యలలో ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. అక్కడ మొదటి రోజున దొర్లిన తప్పు కాగితం మీది తప్పులాగా కొట్టివేయడానికి వీలులేకుండా దేహంలోనే ఇంకిపోతుంది. ఏరియల్ సిల్క్స్ అనే సర్కస్ విద్యను, అంటే పైకప్పు నుంచి రెండు పాయలుగా వేలాడే పొడవాటి బట్టను పట్టుకొని ఎక్కి, దానిని కాళ్లకూ నడుముకూ చుట్టుకొని గాలిలో భంగిమలు నిలిపే విద్యను, మొదటిసారి నేర్పే గురువుకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. ఉప్పాడలో జాందానీ మగ్గం ముందు కొత్తవారిని కూర్చోబెట్టే పెద్దలకూ ఇదే ఎదురవుతుంది.

ఈ రెండు విద్యలకూ చారిత్రక సంబంధం ఏమీ లేదు. ఏరియల్ సిల్క్స్ 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఫ్రాన్స్, కెనడా దేశాల కొత్త తరహా సర్కస్‌లో రూపుదిద్దుకున్నది. దానికి వాడే బట్ట పేరుకే పట్టు, నిజానికి అది కొద్దిగా సాగే గుణం ఉన్న నైలాన్ లేదా పాలిస్టర్ అల్లిక. ఉప్పాడ బంగాళాఖాతం ఒడ్డున, పిఠాపురానికి చేరువలో, 2022లో తూర్పు గోదావరి నుంచి విడివడిన కాకినాడ జిల్లాలో ఉన్న నేత ఊరు. అక్కడి జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. జాందానీ అంటే నేత సాగుతుండగానే పడుగు పోగుల మధ్య వేళ్లతో అదనపు జరీనో రంగు దారాన్నో చొప్పించి బుటాలు తీర్చే పద్ధతి. ఒక చోట బట్టను దేహం ఎక్కుతుంది, మరొక చోట బట్టను దేహం పుట్టిస్తుంది. అయినా రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడడానికి గట్టి కారణమే ఉన్నది: రెండు చోట్లా గురువు పట్టుబట్టేది, కొత్తవారి కంటికి అనవసరమని తోచే ఒక సూక్ష్మమైన అమరిక మీదనే. ఆ అమరికకు ఈ వ్యాసంలో సౌష్ఠవం అన్న మాట వాడబడుతుంది; అవయవాలు ఒకదానితో ఒకటి కుదిరి, చేయవలసిన పనికి చాలినంత శ్రమ మాత్రమే పడుతూ నిలిచే స్థితి అని దాని అర్థం.

ఏరియల్ సిల్క్స్‌లో మొదటి పాఠం వేలాడడం. కొత్తగా వచ్చినవారు రెండు చేతులతో బట్టను తలకు పైన పట్టుకొని పాదాలు నేల విడిచినప్పుడు దేహం బరువంతా భుజాల కీళ్ల మీద పడుతుంది. భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ లోపలికి కుంగుతుంది, పక్కటెముకలు ముందుకు పొడుచుకొస్తాయి, వేళ్లు అవసరానికి మించి బిగుసుకుంటాయి. గురువు అప్పుడు కోరేది బయటికి దాదాపు కనిపించనంత చిన్న కదలిక: మోచేతులు మడవకుండానే వీపు మీది రెక్కెముకలను కిందికీ వెనక్కీ లాగి, చెవులకూ భుజాలకూ మధ్య ఖాళీ తెచ్చుకోవడం. దేహం ఒకటి రెండు అంగుళాలు పైకి లేస్తుంది, అంతే. దూరం నుంచి చూసేవారికి అందులో వింత ఏమీ కనిపించదు. కాని ఆ కదలికతో బరువు కీళ్లను కట్టి ఉంచే స్నాయువుల మీది నుంచి వీపు కండరాల మీదికి మారుతుంది. భుజం తన బలంతో తాను నిలవడం మొదలుపెడుతుంది.

దాని తరువాతిది పాదపు చుట్టు. బట్టను కాలి బయటి వైపు నుంచి పిక్క చుట్టూ తిప్పి, పాదం పైభాగం మీదికి తెచ్చి, రెండో పాదంతో అదిమి నిలబడితే చేతుల మీది భారం తగ్గుతుంది. ఎక్కడమంటే ఆ నిలబడడాన్నే మళ్లీ మళ్లీ పై మెట్టున చేయడం. చీలమండ లోపలికి ఒరిగితే చుట్టు వదులవుతుంది. నిలబడకుండా చేతులతోనే గుంజుకుంటూ పోతే సగం దారిలో పట్టు సడలుతుంది. ఎక్కడం నేర్పిన రోజునే దిగడం కూడా నేర్పాలి, ఎందుకంటే అలసిపోయినవారు జర్రున జారితే బట్ట రాపిడికి చర్మం కమిలిపోతుంది. ఈ సంగతులన్నీ నేలకు కొద్ది ఎత్తులో, మందమైన పరుపు మీద, కుడికి చేసినంతగా ఎడమకూ చేస్తూ కుదిరిన తరువాతే తలకిందులయ్యే భంగిమలూ, చుట్లు విప్పుకుంటూ ఒక్కసారిగా కిందికి జారే విన్యాసాలూ వస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. ఒకటి భద్రత, రెండు అందం. రెండూ నిజమే గాని రెండూ చాలవు. భుజాలు చెవుల దాకా లేపి వేలాడిన మనిషికి మొదటి రోజున, రెండో రోజున, చాలాసార్లు పదో రోజున కూడా ఏ హానీ జరగదు; పైగా వయసులో ఉండి చేతి బలం కలవారు ఏ సౌష్ఠవమూ లేకుండానే పైదాకా ఎగబాకగలరు. అందం మాట చూసినా, నేలకు మూరెడు ఎత్తున వేలాడే కొత్తవారిని చూడడానికి అక్కడ ఎవరూ రారు. కాబట్టి అసలు ప్రశ్న ఇలా నిలుస్తుంది: ఒకే ఫలితం అనేక మార్గాలలో దొరికేటప్పుడు, తక్షణ నష్టం ఏదీ కనిపించనప్పుడు, ఒక్క మార్గానికే కట్టుబడమనే అధికారం నియమానికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్నను ఇంతే సూటిగా వేసుకొన్నవారు మీమాంసకులు. జైమిని సూత్రాలను ఆధారం చేసుకొని వేదవాక్యాల అర్థ నిర్ణయానికి పూనుకొన్న ఆ సంప్రదాయంలో విధులను వింగడించే చర్చ విస్తారంగా సాగింది. దర్శపూర్ణమాస యాగంలో పురోడాశం అనే పిండివంటకు వడ్లు కావాలి, వడ్లకు పొట్టు పోవాలి. రోట్లో పోసి దంచినా పొట్టు పోతుంది, గోటితో ఒక్కొక్క గింజ ఒలిచినా పోతుంది. చివరికి చేతికి వచ్చే బియ్యం ఒక్కటే. అయినా దంచడాన్నే వేదం విధించింది. ఇలా పలు ఉపాయాలతో సిద్ధించగల పనిలో ఒక ఉపాయాన్నే ఖాయం చేసే వాక్యాన్ని నియమవిధి అన్నారు. బియ్యం రావడం కంటికి కనిపించే ప్రయోజనం కాబట్టి దానికోసం నియమం అక్కరలేదనీ, నియమాన్ని పాటించడం వల్ల మాత్రమే పుట్టే, కంటికి కనిపించని ఒక శక్తి ఉన్నదనీ, దాని పేరు నియమాపూర్వమనీ వారు తేల్చారు. గోదావరి డెల్టాలో వడ్ల గురించి ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. గోటితో ఒలిచే ఓపిక ఎవరికీ ఉండదన్నది అందరికీ తెలుసు. కాని మీమాంసకుల వాదానికి ఓపికతో నిమిత్తం లేదు. ఫలితం ఒక్కటే అయిన చోట కూడా పద్ధతి వేరైతే, ఆ తేడా ఫలితంలో కాక మరెక్కడో నమోదవుతుందన్నది వారి వాదంలోని ప్రాణం.

యజ్ఞశాలలోని ఆ కనిపించని శక్తిని తీసుకొచ్చి వ్యాయామశాలలో పెట్టడం మీమాంసకులు ఒప్పుకొనేది కాదు. వారికి ఆ శక్తి వేదం వల్ల మాత్రమే తెలిసేది, యాగం పూర్తికావడానికి మాత్రమే పనికివచ్చేది. అందువల్ల వారి దగ్గర ప్రశ్న తీరును మాత్రం తీసుకొని, ఆ తేడా నమోదయ్యే చోటు ఏదన్న దానికి సమాధానం వేరే దర్శనంలో వెదకాలి. వైశేషికం ఇక్కడ ఆశ్చర్యపడేంతగా సాయపడుతుంది.

వైశేషికులు ద్రవ్యాలలో ఉండే గుణాలను లెక్కించినప్పుడు సంస్కారం అనే ఒక గుణాన్ని చెప్పి, దానిని మూడు విధాలుగా విభజించారు. మొదటిది వేగం, ఒకసారి కదిలిన వస్తువును ఆ దిక్కుగా ఇంకా కదిలించేది. రెండవది స్థితిస్థాపకం; వంచినదానిని, సాగదీసినదానిని మళ్లీ మునుపటి స్థితికి తెచ్చేది. మూడవది భావన, అనుభవం ముగిసిన తరువాత కూడా మనిషిలో నిలిచి, తరువాతి జ్ఞానానికి కారణమయ్యేది. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసి, నేటికీ తర్కశాస్త్ర విద్యార్థికి తొలి గురువుగా నిలిచిన తెలుగువాడు అన్నంభట్టు కూడా ఈ మూడింటినే చెప్పి, స్థితిస్థాపకానికి చాపను ఉదాహరణగా ఇచ్చాడు: చుట్టి వదిలిన చాప తిరిగి పూర్వస్థితికి వస్తుంది. వేగానికీ, సాగుడుకూ, జ్ఞాపకానికీ ఒకే గుణమా అని ఆధునిక పాఠకులు విస్తుపోవచ్చు. వేలాడే బట్ట ముందు ఒక గంట గడిపినవారికి ఆ విస్మయం మిగలదు. బట్ట బరువుకు సాగి తిరిగి ముడుచుకొంటుంది, దేహం ఊగి ఊపును నిలుపుకొంటుంది, నిన్నటి అభ్యాసం ఇవాళ్టి చేతిలో పనిచేస్తుంది. జరిగిపోయినది జరిగిపోకుండా వస్తువులో ఏదో ఒక రూపంలో నిలిచి ఉండడమే మూడింటిలోనూ కనిపిస్తుంది. మూడింటినీ ఒకే పేరు కింద చేర్చినవారికి పనిచేసే దేహాలను దగ్గరగా చూసిన అనుభవం ఉండి ఉంటుందని నమ్మబుద్ధి అవుతుంది.

భావన ఎలా పుడుతుందో వివరించిన ప్రశస్తపాదుడు, అంటే వైశేషిక పదార్థాలకు ప్రామాణికమైన వివరణ రాసిన ప్రాచీన ఆచార్యుడు, దానికి మూడు కారణాలు చెప్పాడు. తీవ్రమైన జ్ఞానం ఒకటి. ఒంటెను ఎన్నడూ చూడని దక్షిణాదివాడికి మొదటిసారి ఒంటె కనబడితే ఆ దృశ్యం మనసులో నాటుకుపోయినట్టు. అభ్యాసం రెండవది, ఇక్కడ ఆయన తీసుకొన్న ఉదాహరణలు చదువు, శిల్పం, వ్యాయామం. మూడవది ఆదరం, అపూర్వమైన దానిని చూడాలన్న తపనతో మనసును కంటిలో నిలిపి ఎదురుచూసేవాడికి, మెరుపులా క్షణకాలం కనిపించినది కూడా చెరగకుండా ముద్రపడడం. శిల్పాన్నీ వ్యాయామాన్నీ చదువుతో సమానంగా ఒకే వరుసలో నిలిపిన ఈ వాక్యం మన తత్త్వచరిత్రలో రావలసినంత గౌరవం పొందలేదు. తర్కసంగ్రహం లాంటి సంక్షిప్త గ్రంథాలలో ఆ ఉదాహరణలు లేవు. వాటిలో భావన స్మృతికి కారణమన్న ఒక్క ముక్కే మిగిలింది. ఆ కుదింపులో నేతగాడి వేలూ, ఆటగత్తె భుజమూ చర్చ నుంచి జారిపోయాయి. ఇది చిన్న నష్టం కాదు.

ఇక్కడ వైశేషికులకూ, వారితో కలిసి నడిచిన న్యాయ దర్శనకారులైన నైయాయికులకూ ఒక చిక్కు ఉన్నది. వారి లెక్కలో భావన ఆత్మకు మాత్రమే చెందిన గుణం. చేతిలో, భుజంలో అది ఉండదు. మరి మగ్గం మీద వేళ్లు వాటంతట అవే పోగును వెదికి పట్టుకొనేటప్పుడు పనిచేసేది ఏమిటి? నేసేవారు ఒక్కొక్క పోగు దగ్గరా ఆగి నిన్న ఏమి చేశామని జ్ఞాపకం చేసుకోరు. జ్ఞాపకాలు అతి వేగంగా వచ్చిపోతాయి కాబట్టి తెలియవని సమర్థించవచ్చు గాని, అది ఇరుకులో పడిన సమాధానం. ప్రశస్తపాదుడి మాటలోనే మెరుగైన దారి ఉన్నది. భావన స్మృతికి మాత్రమే కాదు, ప్రత్యభిజ్ఞకు కూడా కారణమని ఆయన అన్నాడు. ప్రత్యభిజ్ఞ అంటే గుర్తుపట్టడం. ఎదురుగా ఉన్నదానిని చూసి అది మునుపటిదేనని తెలుసుకోవడం. నైపుణ్యం స్మృతి కన్నా ప్రత్యభిజ్ఞకే దగ్గర. బిగువు సరిపడినప్పుడు నేతగాడి వేలు దానిని గుర్తుపడుతుంది; రెక్కెముకలు తమ చోటికి చేరినప్పుడు ఆ చోటును అభ్యాసకురాలు గుర్తుపడుతుంది. గుర్తుపట్టేది ఆత్మే అని నైయాయికుడు నిశ్చింతగా చెప్పుకోవచ్చు, గుర్తుకు తగలవలసిన చోటు మాత్రం దేహంలోనే ఉన్నది.

సౌష్ఠవం మీది పట్టుదలకు అసలు ఆధారం ఇక్కడ దొరుకుతుంది. గుర్తుపట్టడానికి ముందు చూసినది ఒకటి ఉండాలి. కొత్తవారికి ఆ ముందటిది లేదు. వారు మొదట వేలాడిన కొద్దిసార్లలో భుజం ఏ స్థితిలో ఉంటే అదే వారికి వేలాడడం అంటే ఏమిటో చెప్పే కొలత అవుతుంది. భుజాలు చెవులకు తగిలించి నేర్చినవారికి తరువాత సరైన స్థితి చూపితే అది వింతగా, బలవంతంగా, తప్పుగా తోస్తుంది. పాత తప్పు సహజంగా తోస్తుంది. సంస్కారానికి మంచిచెడ్డల విచక్షణ లేదు, చేసినదానిని అది నిలుపుతుంది. తప్పుగా చేసిన అభ్యాసం దేహానికి ఒక తప్పుడు సాక్షిని తయారుచేసి పెడుతుంది, ఆ మీదట గురువు ఎంత చెప్పినా లోపలి సాక్షి అడ్డం తిరుగుతుంది. అందువల్ల ఆరితేరినవారికి నేర్పేవారి కన్నా కొత్తవారికి నేర్పేవారి బాధ్యతే బరువైనది. లోకం దీనికి విరుద్ధంగా నడుస్తున్నది. పెద్ద విన్యాసాలు నేర్పేవారికి పేరూ, ఓనమాలు దిద్దించేవారికి అరకొర జీతమూ దక్కుతున్నాయి.

ఉప్పాడ జాందానీలో ఈ సంగతి కంటితో చూడదగినంత స్పష్టంగా కనిపిస్తుంది. చీర వెడల్పంతా ఒక్కరి చేతికి అందదు కాబట్టి మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. నమూనాకు తగినట్టు పడుగు పోగులను ఎత్తే దారాల అమరికను జాలా అంటారు. ఎత్తిన పోగుల కిందుగా ప్రతి బుటాకూ విడిగా ఉండే చిన్న కండె నుంచి జరీని వేళ్లతో దూర్చి, తరువాత నాడెను విసిరి మామూలు పేక పోగు వేసి, పలకతో దగ్గరికి కొడతారు. మళ్లీ ఎత్తడం, మళ్లీ దూర్చడం. నమూనాను బట్టి ఒక్క చీరకు వారాలు పడుతుంది, కొన్నింటికి నెలలు దాటుతుంది. ఇద్దరిలో ఒకరు జరీని కాస్త బిగించి లాగి, మరొకరు వదులుగా వదిలితే ఒక పక్క బట్ట ముడుచుకొంటుంది, మరో పక్క బుటా ఉబ్బుతుంది. అప్పటికప్పుడు చూస్తే రెండూ బుటాలే. జానెడు నేసిన తరువాత గాని తేడా బయటపడదు.

జాందానీకి మరొక గుణం ఉన్నది. బుటా బట్టకు రెండు వైపులా ఒకేలా కనిపించాలి, వెనక వైపు పోగులు వేలాడకూడదు. యంత్రం మీద నేసిన అనుకరణలో ఒక బుటా నుంచి మరొక బుటాకు దారం వెనకగా పరుగెత్తి పోతుంది, ఆ తరువాత దానిని కత్తిరిస్తారు. ముందు వైపు నుంచి చూసేవారికి చప్పున తేడా తెలియదు. నియమవిధి ప్రశ్న ఇక్కడ మళ్లీ నిలుస్తుంది: ఫలితం ఒకటేలా ఉన్నప్పుడు పద్ధతి ఎందుకు? చేతి నేతలో వెనక వైపు శుభ్రంగా ఉండడం వెనక వైపు కోసం విడిగా పడిన శ్రమ వల్ల రాదు. ముందు వైపు పోగును దూర్చిన తీరులోనే అది ఉన్నది. భుజం అమరికా అంతే. గాలిలో తేలికగా కనిపించడం చివర్లో పైపైన అద్దే మెరుగు కాదు, నేలకు కొద్ది ఎత్తులో వేలాడడం నేర్చిన రోజునే అది మొదలవుతుంది. బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీసినప్పుడు ఈ లోకమంతా దేనిలో పడుగుపేకలుగా అల్లుకొని ఉన్నదని మగ్గం భాషలోనే అడిగింది. కనిపించే బట్ట గురించి కాక, దానిని నిలిపి ఉంచే అల్లిక గురించి అడగడం బ్రహ్మవాదిని లక్షణమైతే, కొత్తవారి భుజం దగ్గర గురువు అడిగే ప్రశ్నది కూడా ఆ జాతే.

అభ్యాసం గట్టిపడడానికి పతంజలి యోగసూత్రాలు మూడు షరతులు పెడతాయి: దీర్ఘకాలం సాగడం, తెంపు లేకపోవడం, సత్కారంతో అంటే శ్రద్ధాగౌరవాలతో చేయడం. వైశేషికుల ఆదరమూ, యోగుల సత్కారమూ వేర్వేరు శాస్త్రాల మాటలైనా ఒక్క సంగతినే చెబుతున్నాయి: మనసు లేకుండా ఎన్నిసార్లు చేసినా అది లెక్కకే తప్ప నాటుకోదు. అదే శాస్త్రం ఆసనం గురించి చెప్పినది కొత్తవారికి ఇంకా దగ్గరిది. ఆసనం స్థిరంగానూ సుఖంగానూ ఉండాలనీ, అది ప్రయత్నాన్ని సడలించడం వల్లా, అనంతమైన దానిలో మనసు నిలపడం వల్లా సిద్ధిస్తుందనీ అక్కడ చెప్పబడింది. వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు ఆ అనంతుణ్ణి భూమిని మోసే ఆదిశేషుడిగా అర్థం చేసుకొన్నాడు. అంత బరువు మోస్తూ తొణకనివాడు. సౌష్ఠవాన్ని చాలామంది అదనపు శ్రమగా ఊహించుకొంటారు. వేలాడేవారి వేళ్లను, దవడను, కనుబొమలను చూస్తే విషయం తిరగబడుతుంది. కొత్తవారు బట్టను పట్టుకోవడానికి కావలసిన దానికన్నా చాలా ఎక్కువగా శ్రమిస్తారు, ఆ ఎక్కువంతా భయానిదే. వీపు తన పనిని తాను తీసుకొన్నాక వేళ్లకు వదులయ్యే అవకాశం వస్తుంది. ముఖం మామూలుగా మారుతుంది, ఊపిరి ఆడుతుంది. పాదపు చుట్టు మీద నిలబడి చేతులు సడలించమని గురువు చెప్పే క్షణంలో కావలసినది శ్రద్ధ. చుట్టు పట్టి ఉంచుతుందన్న మాటను ఇంకా అనుభవం లేకుండానే నమ్మి బరువును దానికి అప్పగించడం. గురువాక్యంలో నమ్మకమే శ్రద్ధ అని వేదాంతులు చెప్పినదానికి ఇంత కొలవదగిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

ఇంతటితో ఆగితే ఒక తీవ్రమైన ఆక్షేపణను దాటవేసినట్టవుతుంది. దేహం నేను కాదని తెలుసుకోవడమే పరమార్థమైతే, దేహపు రేఖను గంటల తరబడి దిద్దుకోవడం దేహమే నేనన్న భ్రమను బిగించదా? శంకరాచార్యులు మాండూక్యకారికల భాష్యంలో ఒక ఇంద్రజాలికుణ్ణి చూపుతారు: వాడు ఆకాశంలోకి దారం విసిరి, ఆయుధాలతో దాని మీదుగా ఎక్కి, కంటికి కనబడకుండా పోయి, యుద్ధంలో ముక్కలై పడి, తిరిగి లేస్తాడు, చూసే జనానికి దారమెక్కినవాడే కనిపిస్తాడు గాని, అసలు మాయావి నేల మీదనే, ఎవరి కంటా పడకుండా నిలిచి ఉంటాడు. బ్రహ్మసూత్ర భాష్యంలోనూ కత్తీ డాలూ పట్టి దారమెక్కే ఈ మనిషి కనిపిస్తాడు. పైకెక్కినదానితో తనను కలిపేసుకోవడమే అజ్ఞానమైతే, గాలిలో విన్యాసాలు నేర్పే గురువు ఆ అజ్ఞానానికి తోడ్పడుతున్నట్టే కదా అన్నది ఆక్షేపణ.

దీనికి సగం జవాబే సాధ్యం. భుజం ఎక్కడున్నదో గమనించడం నేర్చినవారికి భుజం చూడబడేదిగా మారుతుంది. చూసేవాడు చూడబడేదానికి వేరన్న వేదాంత వివేకానికి అది చిన్న మెట్టు కాగలదు. కాని గమనించే కన్ను లోపలిదైనప్పుడే ఇది నిజం. ఫోనులో తీసిన వీడియోలోనూ గోడకున్న అద్దంలోనూ తమను తాము చూసుకొంటూ దిద్దుకొనేవారు నేర్చేది ఇతరుల కంటికి తాము ఎలా ఉన్నామో మాత్రమే; అక్కడ బిగిసేది అహంకారమే. కొత్తవారిని అద్దానికి వీపు పెట్టి నేర్పడం మేలు. భుజం చెవికి దూరమైన సంగతి చర్మానికీ కండరానికీ తెలియాలి, ఆ తరువాతే అద్దం.

బట్ట కొత్తదే గాని, గాలిలో ఆడే విద్యే తెలుగునేలకు కొత్తదని అనుకోవడం పొరపాటు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రా వేడుకలను వర్ణిస్తూ గడల మీద ఆడే స్త్రీలను ఆకాశంలో నాట్యమాడే దేవకాంతలతో పోల్చాడు. గడ ఎక్కి, తాడు మీద నడిచి ఊరూరా ఆడిన దొమ్మరులు తరతరాలుగా ఆ విద్యను తమ పిల్లలకు నేర్పుకొన్నారు. ఆ పిల్లల భుజాలూ పాదాలూ ఎంత నిశితమైన శిక్షణ పొందాయో రాసి ఉంచినవారు లేరు. బ్రిటిషు పాలకుల నేరస్థ తెగల చట్టం, 1911 తరువాత మద్రాసు రాజధానిలోనూ అమలై, దొమ్మరుల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో రద్దయినా ముద్ర చెరగలేదు. నేడు నగరాలలో రుసుము చెల్లించి బట్టను ఎక్కడం నేర్చుకొనేవారి క్రమశిక్షణను మెచ్చుకొనే సమాజమే, నడివీధిలో గడ ఎక్కిన పిల్ల క్రమశిక్షణను బిచ్చంగా లెక్కగట్టింది. దేహవిద్యను చదువుతో సమానంగా నిలిపిన ప్రశస్తపాదుడి వాక్యాన్ని మరిచిన పాపం ఇక్కడ మనుషుల మీద పడింది. కొత్తవారికి ఈ విద్య నేర్పే చోట గడసానుల, అంటే గడ ఎక్కి ఆడిన ఆ స్త్రీల, పేరు చెప్పకుండా పాఠం మొదలుపెట్టడం అన్యాయం.

ఒకసారి తప్పుగా పడిన సంస్కారం పోతుందా అన్న ప్రశ్న మిగిలి ఉన్నది. కాలం వల్లనో, రోగం వల్లనో, తన చివరి ఫలాన్ని ఇచ్చివేయడం వల్లనో సంస్కారం నశిస్తుందని నైయాయికులు అంటారు. ఒక సంస్కారం మరొక సంస్కారాన్ని అడ్డుకొంటుందని యోగశాస్త్రం అంటుంది. మగ్గం మీద తప్పు రెండు మూడు పోగులలో కనబడితే వెనక్కి విప్పి మళ్లీ నేయవచ్చు. దేహంలో విప్పడం లేదు. పాతదాని మీద కొత్తదానిని, పాతదానికన్నా ఎక్కువ ఆదరంతో, వేయడమే ఉన్నది. అందుకే దిద్దుబాటు ఎంత తొందరగా జరిగితే అంత మంచిదని తోస్తుంది, అక్కడే చాలామంది గురువులు దారి తప్పుతారు. భుజం, మోకాలు, బొటనవేలు, చూపు అన్నీ ఒక్క ఊపిరిలో దిద్దబోతారు. మనస్సు అణువంతటిదనీ, ఒక క్షణంలో ఒక్క జ్ఞానానికే అది తోడుపడగలదనీ న్యాయశాస్త్రం చేసిన నిర్ణయం ఈ చోట బోధనా సూత్రంగా పనికివస్తుంది. నాలుగు దిద్దుబాట్లు ఒకేసారి విన్నవారికి ఏ ఒక్కదాని మీదా ఆదరం నిలవదు, ఆదరం లేనిది నాటుకోదు. భుజం కుదిరేదాకా పాదం ఊసెత్తకుండా, పాదం వంకరను కళ్లెదుట చూస్తూ కూడా ఆ రోజుకు వదిలివేసి, చేతులు అలసిపోకముందే నేలకు దించగలగడం, కొత్తవారికి నేర్పే గురువు తాను అభ్యసించవలసిన సౌష్ఠవం.